600 గజాల లోపు ఇల్లు



మన వేదిక సమావేశాల్లో ఎన్నికల గురించి, నదీజలాల గురించి, రాష్ట్రాల అప్పుల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి నన్ను ఇళ్ల గురించి మాట్లాడమన్నారు. తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో, చుట్టూ ఉన్న నేలకీ నీటికీ చేటు చేయకుండా ఇల్లు కట్టుకోవడం ఎలా అన్నది విషయం. కాలిఫోర్నియాలో కొత్తగా కట్టే ఇళ్లకు కరెంటు, గ్యాసు వాడకం లెక్కలు సరిచూడటం నా ఉద్యోగం. అందుకే ఈ పని నాకు అప్పగించారనుకుంటాను. అయితే ఇది ఒట్టి ఇంజనీరింగు విషయమైతే మన వేదికకు అక్కర్లేదు. ఇది రాజకీయ విషయం కూడా అని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

తెలుగునాట కరెంటు చుట్టూ నడిచినంత రాజకీయం చాలా తక్కువ విషయాల చుట్టూ నడిచింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఏం జరిగిందో ఇక్కడున్న చాలామందికి గుర్తే. చార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీ వైపు సాగిన ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. 2004లో రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయగానే పెట్టిన మొదటి సంతకం వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద. 2024లో తెలంగాణ ప్రభుత్వం గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఉచితం అంది. పాతికేళ్లుగా యూనిట్ ధర ఎంత ఉండాలి, అది ఎవరు కట్టాలి అన్న దాని మీద పార్టీలు గెలుస్తున్నాయి, ఓడుతున్నాయి. ఒక ఇంటికి అసలు అన్ని యూనిట్లు ఎందుకు కావలసి వస్తున్నాయి అన్న ప్రశ్న మాత్రం ఎన్నికల సభల్లో నాకు ఎప్పుడూ వినబడలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు ఇంటి ప్లానులోనే ఉంది. ఇంట్లో మొదటి స్విచ్ బిగించకముందే, స్లాబు పోసిన రోజునే, కిటికీలు పెట్టిన రోజునే ఆ ఇంటి కరెంటు బిల్లు సగం రాసి పెట్టినట్టే.

ముందు ఎండ సంగతి చూద్దాం. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద, విజయవాడ 16 డిగ్రీల మీద ఉన్నాయి. మే నెల మొదటి పక్షంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, మన నీడ మన కాళ్ల కిందికి చేరుతుంది. జూన్‌లో అయితే కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. అంటే మండే వేసవిలో దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు. పడేదంతా ఇంటి కప్పు మీద, పొద్దున తూర్పు గోడ మీద, సాయంత్రం పడమటి గోడ మీద. ఇందులో తూర్పు ఎండ ఇల్లు రాత్రంతా కాస్త చల్లబడ్డాక వస్తుంది. పడమటి ఎండ ఇల్లు అప్పటికే కాగి ఉన్నప్పుడు, బయటి గాలి కూడా వేడెక్కినప్పుడు వచ్చి పడుతుంది. మన ఇళ్లకు ప్రధాన శత్రువులు రెండే. ఒకటి కప్పు, రెండోది పడమటి కిటికీ.

కప్పు లెక్క చూడండి. మే నెల మధ్యాహ్నం చదరపు మీటరు చోటు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. అంటే ఆ వేళ ఇంటి నెత్తి మీద 90 కిలోవాట్లకు పైగా వేడి కురుస్తోంది. బాత్రూముల్లో పెట్టుకునే రెండు కిలోవాట్ల గీజర్లు 45 వరసగా పెట్టి ఒకేసారి ఆన్ చేసినట్టు. పాతబడి నల్లబడ్డ సిమెంటు డాబా అందులో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. కాంక్రీటు నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగానే వదులుతుంది. మధ్యాహ్నం తాగిన ఎండను సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కింద గదిలోకి దింపుతూ ఉంటుంది. పై అంతస్తులో ఉండేవాళ్లు రాత్రి పది గంటలకు ఫ్యాను వేస్తే వేడిగాలే వస్తోందని అంటారు కదా, కారణం ఇదే. ఫ్యాను గాలిని చల్లబరచదు, ఉన్న గాలిని కదుపుతుంది. పైన స్లాబు పెనంలా కాగి ఉంటే ఆ పెనం కింది గాలినే మన మీదికి తోస్తుంది.

ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇంత సేపు చెప్పను. 2003లో, మళ్లీ 2015లో వడగాడ్పులకు తెలుగునాట వెయ్యి మందికి పైగా చనిపోయారు. చాలామంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లు. పగలంతా ఎండలో ఒళ్లు కాగినవాడికి రాత్రి ఒళ్లు చల్లబడటానికి విరామం కావాలి. వాడు పడుకునే గది రేకుల కప్పుదో, ఒట్టి స్లాబుదో అయితే ఆ విరామం దొరకదు. మర్నాడు అదే ఒంటితో మళ్లీ పనికి వెళతాడు. వడదెబ్బ రోడ్డు మీద తగిలినట్టు కనిపిస్తుంది, సగం దెబ్బ ముందు రాత్రి ఇంట్లోనే తగిలి ఉంటుంది.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి తెలియదా అంటే బాగా తెలుసు. రాయలసీమలో మట్టి మిద్దెలు ఉండేవి. దూలాల మీద బండలో కర్రలో పరచి, పైన మందంగా చవుడు మట్టి కప్పేవారు. మట్టి మందమే వాళ్ల ఇన్సులేషన్. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో నడిమి మండువా గుండా వేడిగాలి పైకి పోయేది, చుట్టూ వసారా ఉండటంతో గోడకు ఎండ తగిలేది కాదు. పెంకుటిళ్లలో పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. తాటాకు ఇల్లు అన్నిటికంటే చల్లన.

కానీ ఆ ఇళ్లను తలచుకుని నిట్టూర్చడానికి నేను రాలేదు. తాటాకు ఇల్లు ఒక్క నిప్పురవ్వకు వాడంతా తగలబడేది. మిద్దె ఏటా వానలకు ముందు మరమ్మతు అడిగేది, పెంకులు ఏటా నేయించాల్సి వచ్చేది. తేళ్లు, పాములు సరేసరి. అలకడం, పూయడం అంతా ఆడవాళ్ల చాకిరీ. డాబా ఇల్లు కట్టుకోవడం మన ఊళ్లలో ఒక తరం కల. దళితవాడలో స్లాబు ఇల్లు లేవడం అంటే అది ఆత్మగౌరవ విషయం కూడా. ఆ కలను తప్పుపట్టే హక్కు ఇక్కడ ఏసీ గదుల్లో కూర్చున్న మనకు లేదు. స్లాబు ఉంటుంది. ఆ స్లాబును చల్లగా ఉంచడం ఎలా అన్నదే మన ముందున్న పని.

దీనికి ఖరీదైన విదేశీ సరుకు అక్కర్లేదు. ఒక వరస పాటిస్తే చాలు, ఆ వరస తారుమారు కాకూడదు.

మొదటిది కప్పు. డాబా మీద తెల్లటి పూత వేస్తే కొత్తలో ఎండలో మూడొంతుల దాకా తిప్పికొడుతుంది. సున్నం కావచ్చు, ఇప్పుడు దొరికే తెల్ల కూల్‌రూఫ్ పెయింటు కావచ్చు, పగిలిన తెల్ల టైల్స్ ముక్కలతో వేసే చైనా మొజాయిక్ కావచ్చు. దుమ్ము పట్టి తెలుపు తగ్గుతుంది కనుక కడుగుతూ ఉండాలి, సున్నమైతే ఏటా, పెయింటైతే కొన్నేళ్లకు ఒకసారి మళ్లీ వేయాలి. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్ల పొర పరచి చూశారు. పక్కనున్న మామూలు ఇళ్లకంటే లోపల సగటున రెండు డిగ్రీలు తక్కువ వచ్చింది. రెండు డిగ్రీలేనా అనకండి. నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య తేడా అంతే. కొత్తగా కట్టే ఇంటికైతే స్లాబు మీద రెండంగుళాల ఇన్సులేషన్ పలక వేసి, దాని మీద వాటం, పైన తెల్ల టైల్స్ వేయించుకోవచ్చు. వేడి ఎంత జోరుగా లోపలికి దిగుతుందో కొలిచే లెక్క ఒకటుంది, దాన్ని యూ-వాల్యూ అంటారు. ఒట్టి స్లాబుకు అది 3 పైనే ఉంటుంది. దేశంలో ఇళ్ల కోసం రాసిన కోడు 1.2 దాటకూడదంటుంది. ఆ రెండంగుళాల పలక వేస్తే 1 లోపుకే వస్తుంది.

రెండోది పడమర. అయిదడుగులకు పదడుగుల అద్దం పడమటి గోడకు పెట్టించారనుకోండి. సాయంత్రం వేళ ఆ ఒక్క అద్దం గుండా రెండు కిలోవాట్లకు పైగా వేడి హాల్లోకి వస్తుంది. ఒక గదికి పెట్టే ఏసీ బలంలో సగం ఆ అద్దానికే పోతుంది. దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ సరిపోతుంది, ఎందుకంటే అటు సూర్యుడు ఎత్తున ఉంటాడు. పడమటి సూర్యుడు వాలి వస్తాడు, సన్‌షేడ్ కిందుగా దూరి వస్తాడు. అక్కడ వసారా కావాలి, లేదా నిలువు జాలీ కావాలి, లేదా చెట్టు కావాలి. మెట్లు, బాత్రూములు, స్టోరు గది పడమటివైపు పెడితే అవే గొడుగుల్లా పనిచేస్తాయి. వాస్తు చూపించుకోవడం చూపించుకోకపోవడం మీ ఇష్టం. ఈశాన్యం ఎక్కడుందని నలుగురిని అడిగే మనం, మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఎండ ఏ గదిలో పడుతుందని ఇంజనీరును ఒక్కసారి అడిగితే బాగుంటుంది.

మూడోది గాలి. ఇక్కడ అమెరికాలో మేం ఇంటి తలుపుకు పెద్ద ఫ్యాను బిగించి గాలి ఎక్కడ కారుతోందో పరీక్షిస్తాం, సందులన్నీ మూయిస్తాం. చలిదేశపు, ఏసీ ఇళ్ల పద్ధతి అది. దాన్ని కాకినాడకో బాపట్లకో తీసుకుపోతే ఉక్కపోతతో ఉడికిపోతారు. మన కోడు తీరప్రాంతపు ఇళ్లలో తెరవగలిగే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలంటుంది, హైదరాబాదు లాంటి చోట ఎనిమిదో వంతు. 120 చదరపు అడుగుల గదికి తీరంలో 20 చదరపు అడుగులు తెరుచుకోవాలన్నమాట. ఈమధ్య అందరూ పెట్టించే స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. 20 అడుగుల కిటికీ పెట్టి 10 అడుగుల గాలి తీసుకుంటున్నాం. పాతకాలపు రెండు రెక్కల కిటికీ ఈ లెక్కలో ఎప్పుడూ నెగ్గుతుంది. ఎదురెదురుగా రెండు కిటికీలు, పైన వెంటిలేటరు ఉంటే వేడిగాలి బయటికి పోతుంది.

నాలుగోది గోడ. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. ఫ్లైయాష్ ఇటుక పర్యావరణానికి చాలా మంచిది. థర్మల్ స్టేషన్ల బూడిదకు దారి దొరుకుతుంది, పొలాల పైమట్టి తవ్వనక్కర్లేదు, బట్టీలో కాల్చనక్కర్లేదు. ఫ్లైయాష్, సున్నం, జిప్సం కలిపి ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని మన విశాఖపట్నంలోనే భానుమతీదాస్, కాళిదాస్ గార్లు రూపొందించారు, అది మన తెలుగువాళ్లకు గర్వకారణం. కానీ ఆ ఇటుకతో కట్టినంత మాత్రాన ఇల్లు చల్లగా ఉండదు. వేడిని ఆపడంలో అది ఎర్ర ఇటుక లాంటిదే. వేడిని ఆపాలంటే గోడలో గాలి ఉండాలి. ఏఏసీ దిమ్మెల్లో సన్నటి గాలి బుడగలు ఉంటాయి. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ గారు ఇటుకను పక్కకు నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి కట్టే పద్ధతిని కేరళ అంతా ప్రచారం చేశారు. నాలుగో వంతు ఇటుక కూడా మిగులుతుంది. కావలసిందల్లా ఆ పని నేర్చిన మేస్త్రి.

ఇవన్నీ అయ్యాక ఫ్యాన్లు, ఆ తర్వాత ఏసీ, చివరగా సోలారు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగే నాలుగు ఫ్యాన్లు మారిస్తే నెలకు 60 యూనిట్ల పైన మిగులుతాయి. సోలారుకు 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించింది. మూడు కిలోవాట్లు రోజుకు పన్నెండు యూనిట్ల వరకు ఇస్తాయి. మంచిదే. అయితే చాలామంది వరసను తలకిందులు చేస్తున్నారు. నల్ల డాబా అలాగే ఉంచి, పడమటి అద్దం అలాగే ఉంచి, నాలుగు ఏసీలు పెట్టి, పైన సోలారు పెట్టి మా ఇల్లు గ్రీన్ అంటున్నారు. ఆ సోలారులో సగం సొంత ఇంటి స్లాబుతో కుస్తీ పట్టడానికే ఖర్చవుతుంది.

నీటి మాట కూడా ఒకటి. వెయ్యి అడుగుల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే 74,000 లీటర్లు. పది ట్యాంకర్ల పైనే. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఇంకుడు గుంతలు తవ్వాలని చెప్పింది. ఎన్ని చోట్ల ఆ గుంత ప్లాను కాగితం దాటి నేల మీదికి వచ్చిందో మీకు తెలియనిది కాదు.

ఇక్కడున్న మనకు ఇందులో నేరుగా సంబంధం ఉంది. గుంటూరులో, కరీంనగర్‌లో, భీమవరంలో ఇవాళ లేస్తున్న పెద్ద ఇళ్లలో మన డాలర్లు, దిర్హాములు ఉన్నాయి. ఇక్కడ చూసిన ఇంటి ఫోటో పంపి, అన్నయ్యా అచ్చం ఇలాగే కట్టించు అంటాం. రెండంతస్తుల ఎత్తు అద్దం, ముదురు రంగు గోడ, సన్‌షేడ్ లేని ఎలివేషన్. సియాటిల్‌లో ఎండ కోసం మొహం వాచిపోయిన వాళ్లు పెట్టుకునే అద్దం అది. పైగా ఆ ఇంటి అటకలో అడుగు మందాన ఇన్సులేషన్ ఉంటుంది, ఫోటోలో అది కనపడదు. కనపడేది తెచ్చుకుని కనపడనిది వదిలేస్తున్నాం. ఆ ఇంట్లో ఏడాదిలో పదకొండు నెలలు ఉండేది మన అమ్మానాన్నలు. బిల్లు ఎక్కువ వస్తుందని ఏసీ వేయని తరం వాళ్లు. ఇల్లు కట్టించే ముందు ఇంజనీరుతో నాలుగు మాటలు రాతపూర్వకంగా తేల్చుకోండి. కప్పు మీద ఏం వేస్తున్నారు, పడమటి గోడకు నీడ ఏది, ఒక్కో గదిలో తెరుచుకునే కిటికీ ఎన్ని అడుగులు, అమ్మానాన్నలు పడుకునే గది కింద అంతస్తులో ఉందా లేదా. ఈ నాలుగూ తేలాకే ఎలివేషన్ బొమ్మ చూడండి.

ఇప్పుడు అసలు రాజకీయానికి వస్తాను.

మనకు చట్టాలు లేక కాదు. హైదరాబాదులో సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం అమెరికా లీడ్ పద్ధతిలో ప్లాటినం రేటింగు తెచ్చుకుంది, 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు దాన్ని ప్రారంభించారు. మన దేశంలో అలాంటి రేటింగు వచ్చిన మొదటి భవనం అది. 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు కేంద్రం ఎనర్జీ కోడు తెచ్చింది. ఉమ్మడి రాష్ట్రం విడిపోయే ముందు దాన్ని మనకు అన్వయించుకున్నారు. 2018 డిసెంబరులో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత వచ్చింది. ఇందాక నేను చెప్పిన 1.2, ఆరో వంతు కిటికీ లెక్కలు అందులోవే. 2023 ఏప్రిల్‌లో దేశంలోనే మొదటగా తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. మెచ్చుకోవలసిన పనే.

ఇప్పుడు ఈ చట్టాల గీత ఎక్కడ గీశారో చూడండి. 2018 సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు. తెలంగాణ కూల్ రూఫ్ విధానం ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలాలకు తప్పనిసరి, అంతకు లోపువాళ్లకు ఐచ్ఛికం. 500 మీటర్లన్నా 600 గజాలన్నా ఒకటే.

మన ఊళ్లలో 600 గజాల్లో ఇల్లు కట్టేదెవరు? ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పేదలకు సుమారు 30 లక్షల ఇళ్ల పట్టాలు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఒక సెంటు అంటే 48 గజాలు. తెలంగాణలో 2024లో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది, సొంత స్థలం ఉన్నవారికి అయిదు లక్షలు. కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు. 48 గజాల ఇల్లు మొత్తానికి ఒకే కప్పు, దాని కిందే వంట, దాని కిందే నిద్ర, ఏసీ ఉండదు. తెల్ల కప్పు అందరికంటే ఎక్కువ అవసరమైన ఇల్లు అది. నియమం మాత్రం 600 గజాల దగ్గర మొదలవుతోంది, అప్పటికే ప్రతి గదికీ ఏసీ ఉన్న ఇంటి దగ్గర.

పేదింట్లో రేపు ఏసీ రాదా అంటే వస్తుంది, వస్తోంది. గంటకు ఒక యూనిట్ చొప్పున రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 240 యూనిట్లు. 200 యూనిట్ల ఉచితం గీత ఆ ఒక్క ఏసీతోనే దాటిపోతుంది. బిల్లు మొత్తం ఇంటి మీద పడుతుంది. లేదా తర్వాతి ఎన్నికల్లో ఆ 200ను 300 చేస్తామని ఎవరో ఒకరు హామీ ఇస్తారు, ఆ డబ్బు మళ్లీ ప్రజలదే. ఒక డబ్బా తెల్ల సున్నంతో కొంత తగ్గించగలిగిన ఖర్చును ఏటేటా బడ్జెట్లో మోస్తున్నాం.

ఇంకో దారి ఉందని చెప్పడానికి కాలిఫోర్నియా అనుభవం పనికొస్తుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1974లో ఇక్కడ ఎనర్జీ కమిషన్ ఏర్పాటు చేస్తూ చట్టం వచ్చింది. దాని మీద సంతకం చేసిన గవర్నరు రొనాల్డ్ రేగన్. ప్రభుత్వ నియంత్రణలంటే గిట్టని నాయకుడిగా పేరున్న మనిషి. 1978లో మొదటి ఇళ్ల కోడు అమల్లోకి వచ్చింది. అది చిన్న ఇల్లు, పెద్ద ఇల్లు అని చూడలేదు, కొత్త ఇల్లు ప్రతిదీ పాటించాల్సిందే. ఆ తర్వాత మూడేళ్లకు ఒకసారి బిగిస్తూ వచ్చారు. 2020 నుంచి కొత్త ఇళ్లకు సోలారు కూడా తప్పనిసరి చేశారు. 1970ల మధ్య నుంచి దశాబ్దాలపాటు ఇక్కడ మనిషికి కరెంటు వాడకం దాదాపు పెరగలేదు, అదే కాలంలో దేశం మొత్తం మీద బాగా పెరిగింది. ఇందులో వాతావరణం పాత్ర, పరిశ్రమలు తరలిపోయిన పాత్ర కూడా ఉన్నాయి. మొత్తం ఘనత కోడుకే కట్టబెట్టను. కానీ పాఠం ఒకటుంది. సబ్సిడీలు వస్తాయి, పోతాయి. 2022 చట్టం ఇంటి సోలారుకు ఖరారు చేసిన 30 శాతం పన్ను రాయితీని 2025 జూలైలో వచ్చిన మరో చట్టం ఆ ఏడాది చివరితో ఆపేసింది. 1978లో పెట్టిన నియమం పార్టీలు ఎన్ని మారినా నిలబడింది.

కొన్ని అభ్యంతరాలు వింటూ ఉంటాను. పేదవాడికి ముందు ఇల్లు కావాలి, చల్లదనం తర్వాత అంటారు. స్లాబు ఒకసారి పోశాక నలభై యాభై ఏళ్లుంటుంది. సున్నం తర్వాతైనా వేసుకోవచ్చు, కిటికీ తప్పుచోట పెట్టాక గోడ పగలగొట్టడం ఆ ఇంటివాడి వల్ల కాదు. అందుకే మొదటిరోజే చేయాలి. ఇంకో అభ్యంతరం, మళ్లీ ఒక నియమం పెడితే మునిసిపాలిటీలో మళ్లీ ఒక లంచం దారి తెరుచుకుంటుందని. ఇది నిజమైన భయం, తేలిగ్గా కొట్టిపారేయను. కానీ తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ఇదే 600 గజాల లోపు చిన్న ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణ మీద అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. సెట్‌బ్యాకులు పాటిస్తానని యజమాని రాసిచ్చే ఆ కాగితంలోనే, కప్పు తెల్లగా వేస్తాను, తెరుచుకునే కిటికీలు ఇన్ని అడుగులు పెడతాను అని రెండు వాక్యాలు చేర్చవచ్చు. పైగా తెల్ల కప్పు రోడ్డు మీద నుంచి, పక్క డాబా మీద నుంచి అందరికీ కనిపిస్తుంది. దాచిపెట్టి లంచం తీసుకోగలిగిన సంగతి కాదు.

అందుకని మన వేదిక తరఫున రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ, ప్రతిపక్షాలకూ పంపే వినతిపత్రంలో మూడు కోరికలు ఉండాలని నా ప్రతిపాదన. ఒకటి, కూల్ రూఫ్ నియమానికి గజాల గీత తీసేయాలి, కొత్తగా పోసే ప్రతి స్లాబుకూ అది వర్తించాలి, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ. రెండు, ప్రభుత్వ డబ్బుతో కట్టే పేదల ఇళ్ల ఎస్టిమేటులోనే తెల్ల కప్పు, ఎదురెదురు కిటికీలు, పడమటి నీడ ఉండాలి, లబ్ధిదారు చేతి డబ్బు పెట్టుకోనక్కర్లేకుండా. మూడు, మేస్త్రీలకు, వార్డు స్థాయి ఇంజనీర్లకు ఈ పని నేర్పించాలి. ఎందుకంటే మన ఊళ్లలో ఇల్లు ఎలా ఉండాలో తేల్చేది ఆర్కిటెక్టు కాదు, మేస్త్రి.

మన వంతు పని కూడా ఒకటుంది. ఊళ్లో బడికి, గుడికి మనం చందాలు పంపుతున్నాం. ఈ ఏడాది ఒక్కో ఊరి సంఘం తమ ఊళ్లో పాత రేకుల, స్లాబు ఇళ్లు ఇరవై ఎంచుకుని, ఏప్రిల్‌కు ముందే కప్పులకు సున్నం వేయించి, పక్కపక్కనే పూత వేసిన ఇంట్లో ఒకటి, వేయని ఇంట్లో ఒకటి థర్మామీటర్లు పెట్టించాలి. మే నెలలో రాత్రి పదింటికి రెండు ఇళ్లలో ఎంతెంత ఉందో ఊళ్లోని బడిపిల్లల చేత రాయించాలి. ఆ పట్టిక జతచేసి వినతిపత్రం పంపితే, ఏ మంత్రిగారైనా దాన్ని పక్కన పెట్టడం కష్టం. ఏ ఊరి పని ఎవరు తీసుకుంటారో ఈ రోజే పేర్లు రాసుకుందాం.